రోగికి ఏది ముఖ్యమో ట్రయల్‌కు తెలియాలంటే

రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతానికి తయారైన కొత్త మందు పని చేస్తోందా లేదా అని తేల్చడానికి వైద్యుల దగ్గర చాలాకాలంగా స్థిరపడిన పద్ధతి ఒకటి ఉంది. రోగి కీళ్లను ఒక్కొక్కటిగా నొక్కి చూసి ఎన్నింటిలో వాపు ఉందో, ఎన్నింటిని తాకితే నొప్పి పుడుతోందో లెక్క వేస్తారు. రక్తం తీసి శరీరంలో వాపు తీవ్రతను తెలిపే పరీక్షలు చేస్తారు. నొప్పి ఎంత ఉందో, రోజువారీ పనులు ఎంతవరకు చేసుకోగలుగుతున్నారో అడిగి రాసుకుంటారు. మందును మనుషుల మీద పరీక్షించి చూసే అధ్యయనాన్ని ట్రయల్ అంటారు; ఒక్కో ట్రయల్ ఒక్కో విధంగా కొలిస్తే ఫలితాలను పోల్చి చూడటం కష్టం కాబట్టి, ఏమేం కొలవాలో అందరూ ఒక మాట మీదికి రావడం కోసం 1992లో నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ నగరంలో ఒమెరాక్ట్ అనే అంతర్జాతీయ వేదిక మొదలైంది. మొదటి పదేళ్లూ ఆ చర్చలు నిపుణుల మధ్యనే సాగాయి. 2002లో ఆస్ట్రేలియాలో జరిగిన ఆరో సమావేశానికి మొదటిసారిగా రోగులనే పిలిచి కూర్చోబెట్టారు. వారి మాటల్లో నొప్పితో పాటు మళ్లీ మళ్లీ వినిపించిన మాట అలసట. అప్పటికి ప్రామాణికంగా ఉన్న కొలమానాల జాబితాలో ఆ మాటే లేదు.

ఆ అలసట ఎలాంటిదో కొంచెం దగ్గరగా చూడాలి. పగలంతా పని చేసినవారికి సాయంత్రం వచ్చే బడలిక కాదది. రాత్రి నిద్రపోయి లేచినా తీరదు. స్నానం చేసి బట్టలు మార్చుకునేసరికే ఒంట్లో ఉన్న శక్తి అంతా ఇంకిపోయినట్టు అనిపిస్తుంది. ఎప్పుడు ముంచుకొస్తుందో ముందుగా తెలియదు కాబట్టి, ఫలానా రోజు ఫలానా చోటికి వస్తానని ఎవరికీ మాట ఇవ్వలేని స్థితి ఏర్పడుతుంది. తెలుగులో దీన్ని అలసట అనాలా, నీరసం అనాలా, నిస్సత్తువ అనాలా అని ఆలోచిస్తే ఈ మూడూ ఒకటి కావని మనకే తెలుస్తుంది. వైద్యులకు ఇది కనిపించకపోవడానికి వారి అశ్రద్ధ ఒక్కటే కారణం కాదు. దీనికి రక్తపరీక్ష లేదు, వేలితో నొక్కి చూసే చోటు లేదు, చికిత్సతో తగ్గించగలమన్న నమ్మకమూ అప్పట్లో అంతగా లేదు. చేయగలిగింది లేదనుకున్న విషయాన్ని అడగకుండా వదిలేయడం ఎవరికైనా అలవాటవుతుంది. అడగరని తెలిసిన రోగి చెప్పడం మానేస్తాడు. ఆ సమావేశం తర్వాత పరిశోధన వేగం పుంజుకుంది. అలసటను నమ్మదగిన రీతిలో కొలవవచ్చనీ, నొప్పిని కొలిస్తే తెలియని సమాచారం దీని వల్ల తెలుస్తుందనీ రుజువయ్యాక, ఈ వ్యాధి మీద జరిగే ట్రయల్స్‌లో వీలైనంతవరకు అలసటను కూడా కొలవాలన్న సిఫారసు 2007లో ప్రచురితమైంది.

ఇందులో గమనించవలసిన విషయం ఒకటి ఉంది. ఆ సమావేశానికి ముందు కూడా ట్రయల్స్‌లో రోగిని అడిగేవారు. నొప్పి గురించి అడిగేవారు, పనుల గురించి అడిగేవారు. ప్రశ్నలకు జవాబులు చెప్పే అవకాశం రోగికి ఉండేది కానీ, ఏ ప్రశ్నలు అడగాలో చెప్పే అవకాశం ఉండేది కాదు. రోగుల దృక్పథాన్ని పరిశోధనలో చేర్చడం అంటున్నప్పుడు ఈ రెండు పనులూ ఒకే మాట కింద కలిసిపోతుంటాయి. మొదటిది రోగి తన లక్షణాలను, జీవన నాణ్యతను ప్రశ్నపత్రం ద్వారా తెలియజేయడం; ఇది సమాచార సేకరణ. రెండోది పరిశోధన ప్రశ్నను, కొలమానాలను, రోగి ఆసుపత్రికి ఎన్నిసార్లు రావాలన్నదాన్ని, అంగీకార పత్రంలోని భాషను నిర్ణయించేచోట రోగి కూర్చోవడం. ఇది నిర్ణయంలో భాగస్వామ్యం. మొదటిది ఎంత పక్కాగా జరిగినా రెండోదాని లోటును తీర్చలేదు. తప్పు ప్రశ్నకు వచ్చిన కచ్చితమైన సమాధానం ఎవరికీ ఉపయోగపడదు.

అలాగని సమాచార సేకరణను తక్కువ చేసి చూడటానికి వీల్లేదు. క్యాన్సర్ ట్రయల్స్‌లో మందు దుష్ప్రభావాలను నమోదు చేసేది సంప్రదాయికంగా వైద్యులే. వాంతులు, వికారం, ఆకలి లేకపోవడం, మలబద్ధకం, విరేచనాలు, జుట్టు రాలడం అనే ఆరు దుష్ప్రభావాల విషయంలో రోగులు రాసినదాన్నీ వైద్యులు రాసినదాన్నీ పక్కపక్కన పెట్టి చూసిన విశ్లేషణ ఒకటి 2015లో వెలువడింది. మూడు ట్రయల్స్‌కు చెందిన 1,090 మంది రోగుల వివరాలు అందులో ఉన్నాయి. తమకు ఫలానా బాధ ఉందని రోగులు చెప్పిన సందర్భాల్లో, దాన్ని వైద్యులు అసలు నమోదు చేయనివి దుష్ప్రభావాన్ని బట్టి సుమారు 41 శాతం నుంచి 74 శాతం వరకు ఉన్నాయి. వికారం అనేది రోగి చెబితే తప్ప ఎదుటివారికి తెలియదు. జుట్టు రాలడం కంటికి కనిపించేదే అయినా తేడా తప్పలేదు. ఈ లోపాన్ని సరిదిద్దడానికే అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 78 లక్షణాల గురించి రోగులు తామే నేరుగా తెలియజేసే పద్ధతిని రూపొందించింది. ఇలా చెప్పించుకోవడం కాగితాల మీద లెక్క సరిచేయడంతో ఆగలేదు. క్యాన్సర్ వ్యాపించిన దశలో ఉన్న 766 మందిని రెండు వర్గాలుగా విడదీసి, ఒక వర్గం వారు తమ లక్షణాలను ఎప్పటికప్పుడు కంప్యూటర్ ద్వారా తెలియజేసేలా, తీవ్రమైనవి ఉంటే నర్సుకు వెంటనే సమాచారం వెళ్లేలా ఏర్పాటు చేసిన అధ్యయనం ఫలితాలు 2017లో వచ్చాయి. ఆ వర్గం వారి మధ్యగత జీవితకాలం (అంటే సగం మంది అంతకన్నా ఎక్కువ బతికిన కాలం) 31.2 నెలలు, మామూలు పద్ధతిలో వైద్యం పొందినవారిది 26 నెలలు. ఇంత తేడా తెచ్చిన ఆ ఏర్పాటులో కొత్త మందేమీ లేదు. చెప్పుకునే దారి ఒకటి, చెప్పినప్పుడు పట్టించుకునే మనిషి ఒకరు ఉన్నారు, అంతే.

ప్రశ్నపత్రం తయారు చేయడం బయటి నుంచి చూసినంత తేలిక కాదు. ప్రపంచమంతటా వాడుకలో ఉన్న ఎస్‌ఎఫ్-36 అనే ఆరోగ్య ప్రశ్నావళిలో ఒక బ్లాక్ దూరం నడవగలరా అనే ప్రశ్న ఉంది. వీధులు గళ్లు గీసినట్టు ఉండే అమెరికా నగరాల్లో బ్లాక్ అంటే ఎంత దూరమో అందరికీ తెలుసు. అదే ఇంగ్లిషు మాట్లాడే బ్రిటన్‌లో ఆ మాట అర్థం కాదని గ్రహించి, అక్కడి ప్రతిలో 100 గజాలు అని మార్చవలసి వచ్చింది. ఒకే భాషలో ఇంత తేడా ఉన్నప్పుడు వేరే భాషలోకి తెచ్చేటప్పుడు జాగ్రత్త ఎంత అవసరమో ఊహించవచ్చు. అందుకే ఇలాంటి ప్రశ్నావళులను ఇద్దరు వేర్వేరుగా అనువదించి, ఆ రెంటినీ సరిపోల్చి, మళ్లీ మూల భాషలోకి తిప్పి రాయించి, చివరగా ఆ వ్యాధి ఉన్న కొందరి చేత చదివించి, ఈ ప్రశ్న మీకు ఏమని అర్థమైందని అడుగుతారు. ఈ చివరి మెట్టే అన్నిటికన్నా విలువైనది. గాభరాగా ఉందా అన్న ప్రశ్నకు ఒకరు గుండె దడ గురించి, మరొకరు భయం గురించి జవాబు చెబితే, ఆ రెండు జవాబులకూ ఒకే అంకె వేసి సగటు తీయడం వల్ల వచ్చేది ఏమీ లేదు. సమయం లేదన్న కారణంతో ఈ మెట్టును దాటవేసే ట్రయల్‌లో లోపం మొదటి రోజే చొరబడుతుంది.

ఇంకా వెనక్కి వెళ్తే, అసలు దేని మీద పరిశోధన చేయాలనే ప్రశ్న వస్తుంది. బ్రిటన్‌లో 2004లో ఏర్పడిన జేమ్స్ లిండ్ అలయన్స్ పని ఇదే. 1747లో ఓడ మీద స్కర్వీ వ్యాధితో ఉన్న నావికులను జంటలుగా విడదీసి, ఒక్కో జంటకు ఒక్కో చికిత్స ఇచ్చి పోల్చి చూసిన వైద్యుడి పేరును ఈ సంస్థకు పెట్టారు. ఒక వ్యాధిని తీసుకుని రోగులను, వారి బాగోగులు చూసే కుటుంబ సభ్యులను, వైద్య సిబ్బందిని సమాన స్థాయిలో కూర్చోబెట్టి, ఇంకా జవాబు దొరకని ప్రశ్నల్లో ముఖ్యమైన పదింటిని ఎంపిక చేయిస్తారు. ఇలా వచ్చిన జాబితాలను ఆయా వ్యాధుల మీద నమోదైన ట్రయల్స్‌తో పోల్చి 2015లో ఒక విశ్లేషణ ప్రచురించారు. రోగులూ వైద్యులూ కలిసి ఎంచుకున్న ప్రశ్నల్లో ప్రస్తావించిన చికిత్సల్లో మందులు 18 శాతమే. మందుల కంపెనీల ట్రయల్స్‌లో పరీక్షిస్తున్న చికిత్సల్లో మందులు 86 శాతం. వ్యాయామం, ఫిజియోథెరపీ, మానసిక చికిత్స, వ్యాధితో బతకడం నేర్పే శిక్షణ, వైద్యసేవలు అందే తీరు వంటివాటి గురించి రోగులు ఎక్కువగా అడిగారు. అమ్ముకోవడానికి వీలున్న వస్తువు మీద కంపెనీ డబ్బు పెట్టడం సహజమే, దాన్ని నేరంగా చూడనక్కర్లేదు. అయితే కంపెనీల లాభనష్టాలతో సంబంధం లేని ప్రజాధనంతో జరిగే పరిశోధన కూడా అదే దారిలో నడిస్తే, ఆ మిగతా ప్రశ్నలను పట్టించుకునేవారు ఇక ఎవరూ ఉండరు.

రోగులు పిలుపు కోసం ఎదురుచూడకుండా తామే తలుపు తోసుకుని లోపలికి వచ్చిన సందర్భం హెచ్ఐవీది. 1983లో డెన్వర్‌లో జరిగిన ఒక సమావేశంలో ఎయిడ్స్ ఉన్నవారు తమను బాధితులు అనవద్దని, తమ గురించి తీసుకునే ప్రతి నిర్ణయంలో తమకు చోటు ఉండాలని ప్రకటించారు. ఏజెడ్‌టీ అనే మందును ప్లసీబోతో, అంటే మందు లేని ఉత్తి బిళ్లతో పోల్చిన తొలి ట్రయల్‌ను 1986లో మధ్యలోనే ఆపవలసి వచ్చింది. ప్లసీబో ఇచ్చిన వర్గంలో 19 మంది, మందు ఇచ్చిన వర్గంలో ఒక్కరు అప్పటికి చనిపోయారు. ఆ కాలపు ట్రయల్స్‌లో చేరినవారిలో కొందరు తమకు ఇచ్చిన బిళ్లలు అసలైనవో ఉత్తివో తెలుసుకోవడానికి ప్రయోగశాలలకు పంపేవారు, అసలు మందు దక్కినవారు దక్కనివారితో పంచుకునేవారు. శాస్త్ర నియమాల దృష్టిలో ఇది ట్రయల్‌ను చెడగొట్టడమే. ఆ చెడగొట్టినవారి వైపు నుంచి చూస్తే, చావు ముందు నిలబడిన మనిషిని వేరే ఏ మందూ వాడకూడదన్న షరతుతో ఉత్తి బిళ్ల మింగమనడం ఎవరూ ఒప్పుకోని కోరిక. 1988 అక్టోబరులో నిరసనకారులు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కార్యాలయాన్ని చుట్టుముట్టారు. ఆ తర్వాత జరిగిందే ఈ కథలో అన్నిటికన్నా ముఖ్యం. ఆ కార్యకర్తలు నినాదాల దగ్గర ఆగలేదు. వైరస్‌ల గురించి చెప్పే వైరాలజీ, గణాంకశాస్త్రం చదివి, ట్రయల్ ప్రణాళికల్లో లోపాలను పరిశోధకుల భాషలోనే ఎత్తి చూపారు. కొత్తగా చేరేవారు వేరే మందులు వాడుకోవడానికి అనుమతించడం, ట్రయల్‌లో చేరలేనివారికి సమాంతరంగా మందు అందించడం వంటి మార్పులు అలా వచ్చాయి. ఎయిడ్స్ రోగులకు వచ్చే ఒక రకం న్యుమోనియాను నివారించే పెంటామిడిన్ స్ప్రేకు 1989లో అనుమతి లభించింది పెద్ద విశ్వవిద్యాలయాల్లో జరిగిన ట్రయల్స్ ఆధారంగా కాదు, స్థానిక వైద్యులూ రోగులూ కలిసి నడిపిన అధ్యయనాల ఆధారంగా. ట్రయల్‌ను రోగి నమ్మగలిగేలా తీర్చిదిద్దితే దాని శాస్త్రీయత దెబ్బతినదని, పైగా నియమాలు ఉల్లంఘించవలసిన అవసరమే తగ్గి ఫలితాలు శుభ్రంగా వస్తాయని ఆ అనుభవం చూపించింది.

కొలిచే పద్ధతి కొందరు రోగులను పూర్తిగా బయట పెట్టేసే సందర్భాలూ ఉన్నాయి. డుషెన్ మస్క్యులర్ డిస్ట్రఫీ అనే జన్యు వ్యాధిలో మగపిల్లల కండరాలు క్రమంగా క్షీణిస్తాయి, చాలామంది యుక్తవయసుకు ముందే చక్రాల కుర్చీకి పరిమితమవుతారు. మందు పని తీరును ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడిచారన్నదానితో కొలవడం చాలా ట్రయల్స్‌లో ఆనవాయితీ అయింది. నడవలేని పిల్లవాడికి అలాంటి ట్రయల్‌లో చోటే లేదు. అతని తల్లిదండ్రులను అడిగితే నడక దాటిపోయిన సంగతి వారికి తెలుసు; చేయి నోటి దాకా లేస్తే తన అన్నం తానే తింటాడు, వేళ్లు కదిలితే కుర్చీని తానే నడుపుకుంటాడు, రాత్రి పడుకున్నాక పక్కకు తిరగగలిగితే ఇంట్లోవారిని నిద్ర లేపనక్కర్లేదు. భుజాల, చేతుల శక్తిని కొలిచే పరీక్షలు రూపొందడంలో ఇలాంటి మాటలకు పెద్ద పాత్ర ఉంది. 2014లో అమెరికాలోని తల్లిదండ్రుల సంఘం ఒకటి ఈ వ్యాధికి మందుల అభివృద్ధి ఎలా జరగాలో ముసాయిదా మార్గదర్శకాలను తానే సిద్ధం చేసి నియంత్రణ సంస్థకు సమర్పించింది.

మాట ఎంపిక ఒక్కటే ట్రయల్ భవిష్యత్తును మార్చేసిన ఉదాహరణ బ్రిటన్‌లో జరిగిన ప్రొటెక్ట్ అనే అధ్యయనంలో దొరుకుతుంది. తొలి దశలో బయటపడిన ప్రొస్టేట్ క్యాన్సర్‌కు శస్త్రచికిత్స, రేడియేషన్, ఏ చికిత్సా చేయకుండా క్రమం తప్పని పరీక్షలతో కనిపెట్టి ఉండటం అనే మూడు మార్గాలను పోల్చడం దాని లక్ష్యం. మొదట్లో, ఏ మార్గమో చీటీ తీసినట్టు నిర్ణయించడానికి ఒప్పుకున్నవారు 30 నుంచి 40 శాతం దాటలేదు. రోగులకు పరిశోధకులు విషయం వివరించే సంభాషణలను రికార్డు చేసి వింటే కారణాలు తెలిశాయి. మూడో మార్గానికి వైద్యులు వాడుతున్న ఇంగ్లిషు పేరుకు కాచుకుని వేచి చూడటం అని అర్థం. నేను చనిపోతుంటే మీరు చూస్తూ కూర్చుంటారా అన్నట్టుగా రోగులకు అది వినిపించింది. ట్రయల్ అనే మాటను కూడా, కొన్నాళ్లు ఇది చేసి చూద్దాం, కాకపోతే వేరేది చేద్దాం అన్న అర్థంలో తీసుకున్నారు. పేరును చురుకైన పర్యవేక్షణ అనే అర్థం వచ్చేలా మార్చారు, ట్రయల్ అనే చోట అధ్యయనం అన్నారు, మూడు మార్గాలనూ సమాన ప్రాధాన్యంతో వివరించారు, ఈ వ్యాధితో చాలామంది చనిపోరు అనే బదులు పదేళ్ల తర్వాత కూడా చాలామంది బతికే ఉంటారని చెప్పారు. ఒప్పుకునేవారు 70 శాతానికి పెరిగారు. ఎవరినీ మభ్యపెట్టలేదు, రోగులు విన్నదేమిటో పరిశోధకులు మొదటిసారి విన్నారు.

ఇక ఇబ్బందుల సంగతి. ఏ మందు తీసుకుంటున్నామో రోగికి తెలిసిన ట్రయల్‌లో, కొత్త మందు దక్కిందన్న ఆశ వల్లనే బాగుందని రాసే అవకాశం ఉంటుంది. రోగి మాటే ప్రధాన కొలమానమైన చోట ఇది నిజమైన సమస్య, దీన్ని దాచిపెట్టడం వల్ల మేలు లేదు. ప్రశ్నపత్రం నింపలేకపోయేవారు సాధారణంగా అందరికన్నా ఎక్కువ జబ్బుగా ఉన్నవారే కాబట్టి, ఖాళీగా మిగిలిన పత్రాలను పక్కన పెట్టి లెక్క వేస్తే మందు ఉన్నదానికన్నా మంచిదిగా కనిపిస్తుంది. ఈ రెంటికీ ప్రణాళిక దశలోనే చేయదగిన ఏర్పాట్లు ఉన్నాయి; రోగులు చెప్పే ఫలితాలను ట్రయల్ ప్రణాళికలో ఎలా పొందుపరచాలో, నివేదికలో ఎలా రాయాలో చెప్పే అంతర్జాతీయ మార్గదర్శకాలు 2013లోను, 2018లోను వచ్చాయి.

వీటికన్నా కష్టమైనది ప్రాతినిధ్యం. కమిటీలో కూర్చోవడానికి తీరిక, చదువు, మాట్లాడే ధైర్యం ఉన్న రోగులు దొరుకుతారు. దినకూలీ పోగొట్టుకుని రాలేనివారు, పరిశోధకుల భాష రానివారు, మంచం దిగలేనివారు దొరకరు. ఒక్కరిని పిలిచి, ఆ వ్యాధి ఉన్న లక్షలమంది తరఫున మాట్లాడమని అడగడం ఆ ఒక్కరికీ అన్యాయమే. నిపుణుల వేతనంతో నిపుణులు కూర్చున్న బల్ల దగ్గర రోగి మాత్రం ఉచితంగా కూర్చోవాలనుకోవడం మరో అన్యాయం. సమయానికి, ప్రయాణానికి డబ్బు చెల్లించడం, పత్రాలను ముందుగా మామూలు భాషలో పంపడం, ఒకరికి బదులు కనీసం ఇద్దరు ముగ్గురిని పిలవడం, రాలేనివారి దగ్గరికి పరిశోధకులే వెళ్లడం వంటివి ఖర్చుతో కూడిన పనులే. ఆ ఖర్చును నిధుల దరఖాస్తులో మొదటే చూపకపోతే చివరికి మిగిలేది, ప్రణాళిక అంతా ఖరారయ్యాక ఒక రోగి చేత సంతకం పెట్టించుకునే తతంగం. అలాంటి తతంగానికి భాగస్వామ్యం అని పేరు పెట్టడం రోగిని అసలు పిలవకపోవడం కన్నా హానికరం, ఎందుకంటే అడిగాం కదా అనే సాకు దాంతో దొరుకుతుంది. మనుషుల మీద జరిగే వైద్య పరిశోధనలకు నైతిక ప్రమాణాలు నిర్దేశించే హెల్సింకి ప్రకటనను 1964 నుంచి చాలాసార్లు సవరించారు. 2024 అక్టోబరులో జరిగిన సవరణలో, పరిశోధనకు లోబడేవారు అన్న అర్థం వచ్చే పాత మాటను తీసేసి పాల్గొనేవారు అన్నారు. పరిశోధనకు ముందు, జరుగుతున్నప్పుడు, ముగిశాక కూడా వారితోను, వారి సమాజాలతోను అర్థవంతంగా కలిసి పనిచేయాలని చేర్చారు. అర్థవంతంగా అన్న ఆ ఒక్క మాట అక్కడ ఊరికే పడలేదు.

ప్రొటెక్ట్ అధ్యయనంలో చివరికి 1,643 మంది మూడు వర్గాల్లో చేరారు. పదిహేనేళ్ల ఫలితాలు 2023లో వచ్చాయి. ఏ వర్గంలో ఉన్నా ప్రొస్టేట్ క్యాన్సర్‌తో చనిపోయినవారు 2.2 నుంచి 3.1 శాతం మధ్యనే. వ్యాధి ఇతర భాగాలకు వ్యాపించడం మాత్రం పర్యవేక్షణ వర్గంలో 9.4 శాతం, మిగతా రెండింటిలో దాదాపు 5 శాతం. మరణాల లెక్క ఒక్కటే చూస్తే మూడు మార్గాల మధ్య చెప్పుకోదగిన తేడా లేదని రాసి ఫైలు మూసేయవచ్చు. అయితే ఈ అధ్యయనంలో పాల్గొన్నవారు ఏళ్ల తరబడి తమ మూత్ర నియంత్రణ గురించి, లైంగిక జీవితం గురించి, మలవిసర్జన అలవాట్ల గురించి ప్రశ్నపత్రాలు నింపుతూ వచ్చారు. శస్త్రచికిత్స జరిగిన ఆరు నెలలకు మూత్రం కారడం వల్ల ప్యాడ్లు వాడుతున్నామని ఆ వర్గంలో 46 శాతం మంది రాశారు, ఆరేళ్ల తర్వాత కూడా 17 శాతం మంది రాశారు; పర్యవేక్షణ వర్గంలో ఆరు నెలలకు ఆ మాట రాసినవారు 4 శాతం. ఈ రోజు అదే వ్యాధి నిర్ధారణ అయిన వ్యక్తి మూడు దారుల్లో ఏది ఎంచుకోవాలా అని వైద్యుడి ముందు కూర్చున్నప్పుడు, అతని ముందు ఉంచడానికి ఈ అంకెలు ఉన్నాయి.